స్కేట్‌బోర్డుతోనే పాపకు స్నేహితులు దొరికారు. ఇప్పుడు మాన్పించాలా?

ప్రశ్న: ఏడాదిన్నర కిందట గుంటూరు నుంచి డాలస్ దగ్గరికి వచ్చాం. పాపకు పదేళ్లు. ఇక్కడి స్కూల్లో ఎవరితోనూ కలవలేకపోయింది. లంచ్ దగ్గర ఒక్కతే కూర్చునేది. వేసవిలో ఇంటి దగ్గరి పార్కులో స్కేట్‌బోర్డు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నలుగురైదుగురు స్నేహితులయ్యారు. శనివారం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటుంది. మొన్న పడి మోచెయ్యి గీరుకుపోయింది. 'ఆడపిల్లకు ఇదేం ఆట, డాన్స్‌లో చేర్పించు' అని మా అత్తగారు ఫోన్‌లో, మావారు ఇంట్లో ఒకటే పోరు. అక్కడ పద్నాలుగేళ్ల మగపిల్లలూ ఉంటారు. నాకూ టెన్షన్‌గానే ఉంది.

సలహా: మాన్పించకండమ్మా. 'ఒక్కతే కూర్చునేది' అని మీరు రాసిన చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ పిల్ల అక్కణ్నుంచి తనంతట తానే బయటికొచ్చింది.

కొత్త ఊళ్లో పిల్లలకు అన్నిటికన్నా కష్టం మాట కలపడం. యాస విని నవ్వుతారేమోనన్న భయం నోరు కట్టేస్తుంది. స్కేట్ పార్కులో ముందు మాట్లాడాల్సిన పని లేదు. వంతు కోసం నిలబడాలి, అవతలివాళ్లు ఎలా చేస్తున్నారో చూడాలి. పెద్దవాళ్లయినా చిన్నవాళ్లయినా అందరి ముందే పడతారు. పదిసార్లు పడ్డవాళ్లు పదకొండోసారి నిలబడితే చుట్టూ ఉన్నవాళ్లు బోర్డులను నేలకేసి టకటకా కొడతారు. అవి వాళ్ల చప్పట్లు. మీ పాపకూ ఎప్పుడో అవి వినిపించే ఉంటాయి, అడిగి చూడండి.

మీ అత్తగారికి టోక్యో ఒలింపిక్స్ సంగతి చెప్పండి. 2021లో అక్కడ జరిగిన మహిళల స్కేట్‌బోర్డింగ్ 'పార్క్' విభాగం ఫైనల్లో రజతం గెలిచిన జపాన్ పాపకు పన్నెండేళ్లు, కాంస్యం గెలిచిన బ్రిటన్ పాపకు పదమూడు. అదే ఫైనల్లో పదిహేనేళ్ల మిసుగు ఒకమోటో చివరి ప్రయత్నంలో పడిపోయి, పతకం చేజారి ఏడుస్తుంటే, ఆమెతో పోటీపడిన అమ్మాయిలే వచ్చి భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

ఇక దెబ్బల సంగతి. మీ భయం సబబే. పడేటప్పుడు ఎవరైనా అరచేతులు ఆనిస్తారు, అందుకే ఈ ఆటలో మణికట్టు ఎక్కువగా విరుగుతుంది. మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్‌లతో పాటు మణికట్టు గార్డులు తప్పకుండా కొనండి. హెల్మెట్ స్కేట్‌బోర్డింగ్‌కని ధ్రువీకరించినదై ఉండాలి. అది పెట్టుకోకపోతే ఆ రోజు ఆట లేదని ముందే చెప్పేయండి, ఇందులో బేరాలు వద్దు. రోడ్డు మీద, కార్ల మధ్య అసలే వద్దు.

పెద్ద మగపిల్లల గురించి దూరం నుంచి ఊహించుకోకండి. వెళ్లి బెంచీ మీద కూర్చోండి. పదేళ్ల పిల్లను ఎలాగూ ఒంటరిగా పంపకూడదు. మీ ఉత్తరంలో ఆ స్నేహితుల్లో ఒక్కరి పేరూ లేదు. పేర్లు తెలుసుకోండి, వాళ్ల తల్లిదండ్రులను పలకరించండి. ఎవరి తీరైనా నచ్చకపోతే అప్పుడు ఆ ఒక్కరి గురించే పాపతో మాట్లాడవచ్చు.

డాన్స్ కూడా మంచిదే, పాప ఇష్టపడితే. కానీ దీన్ని తీసేసి దాన్ని పెట్టకండి. ఈ శనివారం నాన్నను కూడా తీసుకువెళ్తానని పాపకు చెప్పండి. ఆయన వాదించాల్సిందేదైనా ఉంటే, ఓ గంట చూసి వచ్చాక వాదించమనండి.