ఏడుపు సంగతి తరువాత, ముందు తీగ సంగతి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ వ్యాసం అందింది. పదకొండు పేజీలు. ఎర్ర పెన్సిల్ పట్టుకుని కూర్చుని లెక్కపెట్టాను. 'వేదన' ఇరవైమూడుసార్లు, 'ఆత్మఘోష' తొమ్మిదిసార్లు. 'కన్నీరు' దగ్గర లెక్క తప్పింది. షికాగో ఎలక్ట్రిక్ బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివాళ్ళు కరెంటు గిటార్లతో పాడిన పాటల గురించి అని పైన రాశావు గాని, ఆ పాటగాడు మడ్డీ వాటర్స్ చేతిలో గిటారు ఉందన్న సంగతి ఏడో పేజీకి గాని బయటపడలేదు. పక్కన పడేసేవాణ్ణే. మూడో పేజీ చివర ఒక్క వాక్యం ఆపింది.

మడ్డీ పాట 'ఐ కాంట్ బీ శాటిస్ఫైడ్' గురించి చెబుతూ, "వెనకాల ఎవరో తలుపుచెక్క మీద తాడుతో కొడుతున్నట్టు ఉంటుంది" అన్నావు. ఆ కొట్టేవాడి పేరు ఎర్నెస్ట్ 'బిగ్' క్రాఫర్డ్. నిలబడి వాయించే పెద్ద బాస్ అది. తీగను లాగి వదిలితే వెళ్ళి చెక్కకు తగిలి టప్పుమంటుంది. ఆ రికార్డులో డ్రమ్ములు లేవు. ఇద్దరే మనుషులు. ఆ వాక్యం నువ్వు చెవితో రాశావు. మిగతావన్నీ ఎవరో రాసినవి చదివి రాశావు. నాకు కోపం వచ్చింది అందుకే. చెవి లేనివాళ్ళ మీద కోపం రాదు.

ఆ రికార్డు 1948లో అరిస్టోక్రాట్ అనే చిన్న కంపెనీ వేసింది. కంపెనీలో భాగస్వామి లెనార్డ్ చెస్‌కు అసలు ఆ పాట నచ్చలేదని, ఇవ్‌లిన్ ఆరన్ అనే మరో భాగస్వామి పట్టుబట్టిందని చెబుతారు. మొదట అచ్చువేసినవి ఒకటి రెండు రోజుల్లోనే అయిపోయాయి. మడ్డీ తన రికార్డు తానే కొనుక్కుందామని మాక్స్‌వెల్ వీధికి వెళితే, 79 సెంట్ల సరుకును డాలరు పది సెంట్లకు అమ్ముతూ, మనిషికి ఒక్కటే ఇస్తానన్నాడట కొట్టువాడు. పాడినవాడికీ ఒక్కటే. ఈ సంగతి మడ్డీయే చెప్పుకున్నాడు. నీ వ్యాసంలో ఈ కొట్టు లేదు. దాని బదులు 'శతాబ్దాల చీకటి' ఉంది. చీకటి లేదనను. మిసిసిపీలో స్టోవాల్ వారి పత్తి పొలాల్లో ట్రాక్టరు తోలిన మనిషికి చీకటి సంగతి మనం చెప్పనక్కరలేదు. 1943లో రైలెక్కి షికాగో వచ్చినవాడు అక్కడి బార్లలో పాడబోతే, ఆ గోలలో మామూలు గిటారు వినపడలేదు. కరెంటు గిటారు అందుకే పట్టుకున్నాడు. ఆత్మ కోసం కాదు తల్లీ, వినపడటం కోసం.

నువ్వు అడగవచ్చు, ఈ ముసలాయన ఇంత కచ్చితంగా ఎలా మాట్లాడుతున్నాడని. నేనూ ఈ ఏడుపు రాసినవాణ్ణే. 1983లో, ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద కొన్న ఒక క్యాసెట్ అరిగిపోయేదాకా విని, పద్నాలుగు పేజీల వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. గుమాస్తా ఉద్యోగం, ఆఫీసు కాగితాల వెనకవైపు రాయడం. సంపాదకుడు దాన్ని ఒకటిన్నర పేజీకి కోసి, 'నల్లజాతి కన్నీటి గానం' అని పేరు పెట్టి వేశాడు. నా పేరులో ఒక అక్షరం కూడా తప్పు. పారితోషికం ఇప్పటికీ రాలేదు, అది వేరే సంగతి. అసలు బాధ ఏమిటంటే ఆ కోసేసిన పన్నెండున్నర పేజీల్లోనూ కన్నీళ్ళే ఉన్నాయి. ఆయన కోసినందుకు తిట్టుకున్నాను గాని, పోయింది ఏమీ లేదని ఒప్పుకోవడానికి నాకు పదేళ్ళు పట్టింది.

ఖమ్మంలో మా వీధి చివర మైక్‌సెట్ల కొట్టు ఉండేది. పెళ్ళిళ్ళకు, వినాయక చవితి పందిళ్ళకు అద్దెకిచ్చేవారు. అక్కడ మూలన పాత వాల్వుల ఆంప్లిఫయర్ ఒకటి పడి ఉండేది. మడ్డీ బృందంలో వాయించిన లిటిల్ వాల్టర్ మౌత్ ఆర్గాన్ ఎందుకు శాక్సఫోన్‌లా మూలుగుతుందో నాకు అర్థం కాక, ఒక మధ్యాహ్నం మా అబ్బాయి మౌత్ ఆర్గాన్ జేబులో వేసుకుని వెళ్ళాను. కొట్టాయనకు విషయం చెబితే నవ్వి, ఒక చిన్న మైకు చేతికిచ్చాడు. మైకునూ ఆర్గాన్‌నూ కలిపి రెండు అరచేతుల్లో దాచి, గాలి పోకుండా వేళ్ళు మూసి ఊదాను. ముందు ఏమీ లేదు, సన్నటి పీక. ఆయన వాల్యూమ్ చివరిదాకా తిప్పాడు. మళ్ళీ ఊదితే పైన వేలాడుతున్న హారన్ గొంతు బొంగురుపోయి, గేదె అరిచినట్టు అరిచింది. వేళ్ళు కొంచెం తెరిస్తే గొంతు విచ్చుకుంది, మూస్తే కుంచించుకుపోయింది. ఆంప్లిఫయర్ మోయగలిగినదానికన్నా ఎక్కువ బరువు వేస్తే ధ్వని చిరుగుతుంది. ఆ చిరుగే వాల్టర్ సొత్తు. "స్పీకరు పోతుంది మాస్టారూ, చాలు" అని ఆయన తీగ పీకేశాడు.

1952 మే 12న వాల్టర్ వాయించిన 'జూక్'లో ఉన్నది అదే. మాటల్లేని పాట. ఎనిమిది వారాలు రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. దాంతో అతను మడ్డీ బృందాన్ని వదిలేసి సొంత దుకాణం పెట్టాడు. ఆ పాటలో ఏడుపు ఎక్కడుందో నాకు చూపించు. ఉల్లాసంగా మెట్లు ఎక్కుతున్నట్టు ఉంటుంది. ఇక మడ్డీ పాడిన 'హూచీ కూచీ మ్యాన్' మరీను. అంతా డంబం, కోతలు. వాద్యాలన్నీ ఒక్కసారి గుద్ది ఆగిపోతాయి. ఆ ఖాళీలో మడ్డీ ఒక్కడూ ఒక మాట వదులుతాడు. మళ్ళీ గుద్దు. ఆ పాట రాసిన విల్లీ డిక్సన్, బార్‌లో విరామ సమయంలో మరుగుదొడ్డిలో నిలబడి మడ్డీకి నేర్పించానని, మడ్డీ వెంటనే వెళ్ళి పాడేశాడని చెప్పుకున్నాడు. 1954 జనవరి 7న రికార్డు చేశారు. ఈ పాటను నువ్వు 'అణగారినవారి ఆర్తనాదం' అన్నావు. విన్నావా అసలు?

ఇంకొక మాట. చివరి పేరాలో 'మన జానపదం కూడా ఇంతే కదా' అని అతికించావు. ఈమధ్య ఏ దేశపు పాట గురించి రాసినా ఈ అతుకు వేయడం ఫ్యాషన్ అయింది. తీసేయి. మిసిసిపీ వాళ్ళను మిసిసిపీలోనే ఉండనివ్వు. మడ్డీ చిటికెన వేలికి గొట్టం తొడుక్కుని గిటారు తీగ మీద జార్చడం, వీణలాంటి మన గోటువాద్యాన్ని గుర్తుకు తెస్తుంది నిజమే గాని... చూశావా, నేనూ జారాను.

కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. ఏ పత్రికకు పంపాలో కూడా అడిగావు. ఈ రెండూ తరువాత చూద్దాం. నీ కాగితాలు ఈ కవరులోనే తిరిగి పంపుతున్నాను. క్రాఫర్డ్ వాక్యం కింద గీత గీశాను, మిగతా వాటి మీద గీశాను. 'జూక్' ఒక్కదాన్నే తీసుకో, రెండు మూడు నిమిషాల పాట. నలభైసార్లు విను. రెండో గిటారు ఎక్కడ ఏం చేస్తోందో రెండు పేజీల్లో రాసి పంపు. 'వేదన' అన్న మాట కనిపిస్తే కవరు విప్పకుండానే తిప్పి పంపుతాను. విప్పకపోతే ఎలా తెలుస్తుందంటావేమో. తెలుస్తుంది.

నీ శ్రేయోభిలాషి