రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో జెన్ తరహా ప్రశాంతమైన చోటు ఎలా ఏర్పాటు చేసుకోవచ్చు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో పిల్లలు, పెద్దవాళ్ళు కలిపి ఆరుగురు ఉంటున్నారు. జెన్ అంటే ధ్యానానికి పెద్దపీట వేసే ఒక బౌద్ధ మార్గం; జపాన్‌లోని ఆ జెన్ ఆలయాల ఫొటోల్లో చూసినట్టు కాస్త ఖాళీగా, మనసు నెమ్మదించేలా ఒక చోటు కావాలి. ఇంటీరియర్ వాళ్ళని అడిగితే వెదురు ప్యానెళ్ళు, చిన్న ఫౌంటెన్, బుద్ధుడి తల విగ్రహం అన్నీ కలిపి లక్షల్లో లెక్క చెప్పారు. అంత పెట్టడం అవసరమా, రాళ్ళు ఎలాంటివి పెట్టుకోవాలి అని అడుగుతున్నారు. మామగారికి వాస్తు పట్టింపు ఉందని కూడా రాశారు.

అవసరం లేదండి. ఆ డబ్బు పిల్లల చదువుకి ఉంచుకోండి. మా ఇంట్లో అలాంటి చోటు ఒకటి ఉంది, రోజూ ఎవరో ఒకరం వాడుతూనే ఉంటాం. దానికోసం కొన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అక్కణ్ణుంచి తీసేసినవే ఎక్కువ.

మావారి ఉద్యోగం వల్ల కొన్నాళ్ళు ఒసాకాలో ఉన్నాం. క్యోటో అక్కడికి రైల్లో అరగంట దూరం, సెలవు దొరికితే అటే వెళ్ళేవాళ్ళం. క్యోటోలో ర్యోఆంజి అనే జెన్ ఆలయం ఉంది, అక్కడి రాతి తోట ప్రపంచమంతా పేరు పొందింది. సుమారు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటుంది. చెట్టు లేదు, చెరువు లేదు. గీతలు దువ్విన తెల్లటి సన్న కంకర, అందులో అయిదు గుంపులుగా 15 రాళ్ళు, రాళ్ళ మొదట్లో కాస్త నాచు, అంతే. వరండాలో ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక రాయి ఇంకోదాని చాటున పడుతుంది, పదిహేనూ ఒకేసారి కనపడవు. వచ్చినవాళ్ళంతా రాళ్ళు లెక్కపెట్టుకుంటుంటే నా చూపు మాత్రం వెనక గోడ మీదికి పోయేది. నూనె కలిపిన మట్టితో కట్టిన పొట్టి గోడ. ఏళ్ళ తరబడి లోపలి నూనె పైకి ఊరి గోధుమరంగు, నలుపు మరకలు కట్టింది. ఆ మరకల్ని అలాగే ఉంచేశారు. ఆ గోడ లేకపోతే ఆ తోట ఉత్త కంకర పోసిన పెరడు. ఖాళీ నిలవాలంటే దానికి హద్దు ఉండాలని నాకు అక్కడే తెలిసింది.

మన ఇళ్ళల్లో ఖాళీ నిలవకపోవడానికి కారణం ఆ హద్దు లేకపోవడమే. హాల్లో ఒక మూల ఖాళీ చేశామనుకోండి. సాయంత్రానికి అక్కడ స్కూల్ బ్యాగు వచ్చి చేరుతుంది, మర్నాడు ఇస్త్రీకి వెయ్యాల్సిన బట్టల మూట, వారం తిరిగేసరికి ఆన్‌లైన్లో తెప్పించిన మిక్సీ తాలూకు అట్టపెట్టె. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ మూల కావాలనే ఖాళీగా ఉంచామని చూసేవాళ్ళకి తెలియదు, ఏదైనా పెట్టుకోవడానికి పనికొచ్చే చోటులాగే కనిపిస్తుంది. అందుకని మేం బాల్కనీ తలుపు పక్కన ఒక తుంగచాప పరిచాం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. జపాన్‌లో ఒక తతామి చాప కొలత కూడా దాదాపు ఇంతే. ఆ చాప మీద ఏం పెట్టుకున్నా, పుస్తకమైనా కాఫీ గ్లాసైనా, మనం లేచినప్పుడు మనతోపాటే లేవాలి. ఆ చోటికి మా ఇంట్లో ఉన్న రూలు అదొక్కటే. చాప అంచు కంటికి కనపడుతుంది కాబట్టి పిల్లలకి కూడా వేరే చెప్పక్కర్లేకుండా పోయింది.

తతామి పైపొరని ఇగుసా అనే గడ్డితో అల్లుతారు. మన తుంగ వేరే మొక్కే గానీ, అరికాలికి తగిలే తీరు, కొత్తచాప వాసన రెండూ దానికి చాలా దగ్గరగా ఉంటాయి. కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. ప్లాస్టిక్ చాప మాత్రం వద్దు, చూడ్డానికి అలాగే ఉన్నా ఎండాకాలం ఒంటికి అతుక్కుంటుంది. తుంగచాపని తడిగుడ్డతో తుడవకండి. అల్లిక వాలునే పొడిగుడ్డతో తుడిచి, వారానికోసారి ఎత్తి కాసేపు ఎండలో వేస్తే చాలు. వానాకాలం మాత్రం రాత్రిపూట చుట్టి నిలబెట్టండి, నేలమీద అలాగే వదిలేస్తే కింద బూజు పడుతుంది.

ఇక సామాను సంగతి. జెన్ తరహా అనగానే ఇంట్లో ఉన్నవన్నీ పారేయాలేమో అనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. పాతకాలపు జపాన్ ఇళ్ళల్లో వస్తువులు లేక కాదు, అవి కనపడవు, అంతే. గదికి ఒక పక్కన ఒషీరె అని లోతైన అలమర ఉంటుంది, జరిపే తలుపులతో. పొద్దున్నే పరుపులు మడిచి అందులో పెట్టేస్తారు, దాంతో రాత్రి పడగ్గదిగా ఉన్నదే పగలు కూర్చునే గది అవుతుంది. మా అమ్మమ్మ వాళ్ళింట్లోనూ పక్కలు అలాగే చుట్టేసేవాళ్ళు. బొంతలు, చాపలు లేవగానే మూలకి వెళ్ళిపోయేవి, అదే గదిలో తాతయ్య పొద్దున టిఫిన్ తినేవాడు. డబుల్ కాట్ వచ్చాకే మన గదులు ఇరవై నాలుగ్గంటలూ పడగ్గదులుగా మిగిలిపోయాయి.

జపాన్ వాళ్ళ గదుల్లో ఇంకొకటి ఉంటుంది, తొకొనోమా అంటారు. గోడలోకి కొంచెం లోపలికి ఉండే చిన్న భాగం. అందులో వేలాడే ఒక చిత్రపటం, కింద ఒక పూలపాత్ర. కాలం మారితే పటం మారుతుంది. మిగిలిన పటాలు పెట్టెలో భద్రంగా ఉంటాయి, వాటి వంతు వచ్చేదాకా. నేను ఇంటికి తెచ్చుకున్నది ముఖ్యంగా ఈ పద్ధతినే. మా అత్తగారి షోకేస్ నిండా కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, తిరుపతి నుంచి తెచ్చిన చెక్క ఏనుగులు, పెళ్ళిళ్ళలో ఇచ్చిన వెండిపూత గిన్నెలు ఉండేవి. వాటిలో ఏదీ తీసెయ్యమని నేను అనలేదు, అనకూడదు కూడా. అందులో ఒక్కో బొమ్మ వెనక ఒక్కో ప్రయాణం ఉంది. "నెలకి ఒకటి బయట పెడదాం అత్తయ్యా, ఏది పెట్టాలో మీరే చెప్పండి" అన్నాను. చాప పక్కన గోడకి అడుగు వెడల్పున ఒక చెక్క పలక బిగించాం. దాని మీద ఒకే ఒక్క వస్తువు. ఈ మధ్య ఎడ్లబండి బొమ్మ పెట్టారు. షోకేస్‌లో ముప్ఫై బొమ్మల మధ్య ఉన్నన్నాళ్ళూ ఆ బండి చక్రాల ఆకులు ఎంత సన్నగా చెక్కారో నేనెప్పుడూ చూడలేదు. బండివాడి తలపాగా అంచుకి గీసిన పసుపు గీత కూడా అప్పుడే కంటపడింది. ఇప్పుడు ఒకటో తారీఖు వస్తోందంటే చాలు, మా అత్తగారు ముందునుంచే ఆలోచనలో ఉంటారు.

వెలుతురు విషయంలో తొందరపడకండి, అసలు మార్పంతా వచ్చేది దాంతోనే. మన ఇళ్ళల్లో ట్యూబ్‌లైటు బాగా ఎత్తులో, నీలం కలిసిన తెలుపుతో వెలుగుతుంది. బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటే అదే. నేలమీద కూర్చున్నవాళ్ళకి అది సూటిగా కళ్ళలో పడుతుంది. మెరిసే వెట్రిఫైడ్ టైల్స్ మీద పడి మళ్ళీ పైకి కొడుతుంది. 2700కె లేదా 3000కె రాసి ఉన్న, వామ్ వైట్ అనే చిన్న ఎల్ఈడీ బల్బు తెచ్చి, మీరు కూర్చున్నప్పుడు మీ కంటికంటే కిందుగా ఉండేలా పెట్టండి. గోడకి దగ్గరగా, గోడవైపు తిప్పి పెడితే వెలుతురు గోడ మీద పరుచుకుని గదిలోకి మెత్తగా వస్తుంది. దీపం అడుగున ఉంటే గది పైభాగం చీకట్లోకి వెళ్ళిపోతుంది, అటకమీది సూట్‌కేసులు, కర్టెన్ రాడ్డు, ఏసీ పైపు అన్నీ దాంతోపాటే మాయమవుతాయి. ఖర్చు ఒక బల్బు, ఒక స్టాండు.

పగటి వెలుతురుకి జపాన్ వాళ్ళు షోజి వాడతారు, చెక్క చట్రానికి పల్చటి కాగితం అంటించిన తలుపులు. మన దుమ్ముకి, వానజల్లుకి కాగితం ఆగదు. తెల్లటి చేనేత నూలు చాలు. మాది పొందూరు ఖాదీ. పూర్తి తెలుపు కాదు, కాస్త పాలమీగడ రంగు. నేతలో అక్కడక్కడా దారం లావుగా వస్తుంది కదా, వెనకనుంచి ఎండ పడితే ఆ దారాలు ఒక్కొక్కటే కనపడతాయి. అస్తర్ వెయ్యకండి. తలుపు పడమటివైపు ఉంటే మాత్రం ఏప్రిల్, మే నెలల్లో పల్చటి బట్ట చాలదు. బాల్కనీ బయట వట్టివేళ్ళ తడిక కట్టి నీళ్ళు చల్లండి. చల్లదనం, వాసన రెండూ వస్తాయి. సెంటు కొవ్వొత్తుల మీద డబ్బు పెట్టేకంటే ఇది చాలా మేలు.

ఇంకొక కొలత. ఫ్లాట్లలో కిటికీ గడప సాధారణంగా మూడడుగుల ఎత్తులో ఉంటుంది. కింద కూర్చుంటే మన కన్ను అంతకంటే తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి కనిపించేది ఆకాశం ముక్క, ఎదురింటి పిట్టగోడ. అందుకే కిటికీ కంటే నేలదాకా ఉండే బాల్కనీ జరుపుడు తలుపు దగ్గర చోటు ఎంచుకోమంటాను. బాల్కనీలో బట్టలు ఆరేసే తీగ ఆ చోటికి ఎదురుగా లేకుండా పక్కకి జరిపితే అదే పెద్ద మార్పు.

రాళ్ళ గురించి అడిగారు. పాలిష్ చేసిన తెల్ల గులకరాళ్ళు సంచుల్లో అమ్ముతారు, అవి కొనకండి. హైదరాబాద్‌లో ఉంటూ రాయి కొనుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. మన చుట్టూ ఉన్న ఈ బండరాళ్ళకి దాదాపు 250 కోట్ల ఏళ్ళ వయసు. ఇళ్ళ కోసం వాటిని పగలగొడుతూనే ఉన్నాం. మా పక్క వెంచర్లో పునాది తీసినప్పుడు, అడిగి మూడు రాళ్ళు తెచ్చుకున్నాం. ఒకవైపు ఎర్రగా తుప్పు రంగు, ఇంకోవైపు నల్లటి చుక్కలు. వెడల్పాటి పళ్ళెంలాంటి తొట్టిలో కంకర పోసి, మూడో వంతు కంకరలోకి పూడేలా నిలబెట్టాం. పైన ఊరికే పెట్టిన రాయి ఎవరో వదిలేసి వెళ్ళినట్టు ఉంటుంది, పూడ్చినది అక్కడే పుట్టినట్టు ఉంటుంది. కంకర మరీ ఇసుకంత సన్నంగా వద్దు, గాలికి ఇల్లంతా అవుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల గింజ అయితే దువ్విన గీత నిలుస్తుంది. బరువు కూడా చూసుకోండి. ఒక చదరపు మీటరులో అయిదు సెంటీమీటర్ల మందాన పోస్తే 80 కిలోల దాకా ఉంటుంది. బాల్కనీ అంతా పరవకండి, నీళ్ళు పోయే జాలీ మూసుకోనివ్వకండి. పావురాలుంటే ముందు వల కట్టించండి, లేకపోతే కంకర శుభ్రం చేయడంతోనే సరిపోతుంది.

బుద్ధుడి తల విగ్రహం విషయంలో నా మాట కాస్త గట్టిగా ఉంటుంది. బుద్ధుణ్ణి పూజించేవాళ్ళు, ధ్యానానికి ఎదురుగా పెట్టుకునేవాళ్ళు నిండు విగ్రహం పెట్టుకుంటే అది వేరు. అలంకారానికి తెగిన తల ఎందుకు? మన అమరావతి స్తూపం తొలినాటి శిల్పాల్లో బుద్ధుడి రూపమే చెక్కలేదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధివృక్షం చెక్కి ఆయన అక్కడున్నాడని చెప్పారు. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి ఫలకాల ముందు చాలాసేపు నిలబడ్డాను. కృష్ణ ఒడ్డున రెండు వేల ఏళ్ళ కిందట ఖాళీ ఆసనానికి అంత విలువ ఇచ్చిన శిల్పుల నేల మనది. మీరు ఖాళీ చాప పరిస్తే చాలు.

ఇంట్లో ఒప్పుకుంటారా అన్నది మీ అసలు టెన్షన్ అనిపించింది. మామగారికి వాస్తు పట్టింపు ఉందని రాశారు కదా, అది మీకు కలిసొచ్చేదే. ఈశాన్యం బరువు లేకుండా, ఖాళీగా, శుభ్రంగా ఉండాలని వాస్తే చెబుతుంది. మీ బాల్కనీ తలుపు అటువైపు ఉంటే ఇంకేం కావాలి, ఆయనే కాపలా కాస్తారు. పిల్లల్ని అక్కడికి రావద్దనకండి. మా చిన్నది ఆ చాప మీద పడుకుని బొమ్మలు గీసుకుంటుంది, కాసేపటికి తనే నిద్రపోతుంది. ఫోన్లు మాత్రం చాప మీదికి తేవడం లేదు, అది రూలు కాదు, పిల్లలు తమంతట తామే చేసుకున్న అలవాటు.

జెన్ మఠాల్లో తుడవడం, ఊడవడం సాధనలో భాగం, ధ్యానంతో సమానంగా చూస్తారు. మనకీ పొద్దున్నే వాకిలి ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టడం కొత్త కాదు. ఆ చాప దులిపే పని పనిమనిషికి ఇవ్వకండి. ఇంట్లోవాళ్ళే వంతులు వేసుకోండి. అయిదు నిమిషాల పని, కానీ చేసినవాళ్ళు ఆ రోజు దాన్ని చెదరనివ్వరు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి కింద కూర్చోవడం కష్టం. వాళ్ళకోసం కుర్చీ తెస్తే వెలుతురు ఎత్తు, చూపు ఎత్తు అన్నీ మారిపోతాయి. అడుగు ఎత్తున్న గట్టి చెక్కపీట, పైన పల్చటి దూది దిండు పెట్టండి, వీపు గోడకి ఆనేలా. మా అత్తగారు అలాగే కూర్చుంటారు. లేవడానికి పట్టుకోవాలంటే పక్కన గోడకి ఒక కడ్డీ బిగించండి, చూడ్డానికి బాగుండదని మానేయొద్దు.

మీ బాల్కనీ తలుపు ఏ దిక్కుకి ఉందో, హాల్లో సోఫా ఎటు పెట్టారో రాయండి. ఒక ఫొటో కూడా పెడితే చాప ఎటు పరవాలో, దీపం ఎక్కడ పెట్టాలో చూసి చెబుతాను.