ఇంట్లో ముగ్గురికీ ఫోనే లోకం… కానీ ముందు చూడాల్సింది మీ ఆయన్ని

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి. మా ఆయన టాక్సీ నడుపుతారు, కొండకు యాత్రికులను తీసుకెళ్తుంటారు. మూడేళ్లుగా ఫోన్‌లో డబ్బులు పెట్టి రమ్మీ ఆడుతున్నారు, క్రికెట్ సీజన్లో బెట్టింగ్ కూడా. నా గాజులు, కమ్మలు కుదవలో ఉన్నాయి. మా పుట్టింటివాళ్లు రెండుసార్లు అప్పులు తీర్చారు. కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయిస్తే నలభై రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టారు. అడిగితే ‘పోయిన చోటే వెతుక్కోవాలి, ఒక్క ముక్క పడుంటే ఆట నాదే’ అంటారు. ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి తుపాకుల గేమ్ వదలడు. నాకూ రాత్రి రీల్స్ చూడకపోతే నిద్ర పట్టదు. ఇంటిల్లిపాదికీ ఫోన్ పిచ్చి పట్టిందని మా అత్త అంటోంది. ఫోన్లన్నీ తీసేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, మీ ముగ్గురి చేతుల్లోనూ ఫోన్ ఉంది గానీ ముగ్గురి సమస్యా ఒకటి కాదు. మీ అత్తగారు అన్నట్టు అందరినీ ఒకే గాటన కడితే, అసలు ప్రమాదంలో ఉన్న మనిషి వెనక్కి వెళ్లిపోతారు. ఆ మనిషి మీ ఆయన. అందుకే ముందు ఆయన గురించే చెప్తాను, కాస్త ఎక్కువే చెప్తాను.

జూదం యావను వైద్యశాస్త్రం జబ్బుగా గుర్తించి చాలా కాలమైంది. 1980లోనే అమెరికా సైకియాట్రీ సంఘం తన జబ్బుల పుస్తకంలో చేర్చింది. 2013లో అదే పుస్తకంలో దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కకు మార్చారు, ఎందుకంటే మెదడులో జరిగే మార్పులు, మానేస్తే వచ్చే చిరాకు, ఇంకా ఇంకా ఎక్కువ పెట్టాలనే తపన, ఇవన్నీ తాగుడుకు అలవాటు పడ్డవాళ్లలో ఉన్నట్టే కనిపించాయి. ఇది ఒంట్లోని జబ్బే అనడానికి నాకు బాగా బలంగా అనిపించే రుజువు ఇంకొకటుంది. చేతులు వణికే పార్కిన్సన్ జబ్బుకు ప్రమిపెక్సోల్ లాంటి మందులు ఇస్తాం, అవి మెదడులో కోరికను, కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనం పనిని అనుకరిస్తాయి. ఆ మందులు వాడిన కొందరు పెద్దవాళ్లు, అంతకుముందు జూదం జోలికే పోనివాళ్లు, ఉన్నట్టుండి జూదానికి దిగారు. మందు తగ్గించినా మార్చినా చాలామందిలో ఆ యావ తగ్గిపోయింది. మరి దాన్ని బుద్ధి తక్కువ అని ఎలా అంటాం?

‘ఒక్క ముక్క పడుంటే’ అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. 2009లో బ్రిటన్ పరిశోధకులు జూదం మెషీన్ లాంటి ఆట ఆడిస్తూ మెదడును స్కాన్ చేశారు. గెలుపు వెంట్రుకవాసిలో తప్పిపోయినప్పుడు, అది నిజానికి ఓటమే అయినా, గెలిచినప్పుడు వెలిగే భాగాల్లో కొన్ని అప్పుడూ వెలిగాయి, ఇంకోసారి ఆడాలన్న కోరికా పెరిగింది. రమ్మీలో ఇలాంటి ‘కొద్దిలో తప్పిన’ ఆటలు ఎన్నో వస్తాయి. కోతుల మీద చేసిన ప్రయోగాల్లోనూ, కచ్చితంగా దొరికే బహుమతి కన్నా వస్తుందో రాదో తెలియని బహుమతి కోసం ఎదురుచూసేటప్పుడే డోపమైన్ కణాలు ఎక్కువ పనిచేశాయని తేలింది. కాబట్టి మీ ఆయన మీతో అబద్ధం ఆడటం లేదు, నిజంగానే గెలుపు చేతికందేంత దూరంలో ఉందని ఆయన మెదడు ఆయనకు చెప్తోంది. ఇక ‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అనడం, అంటే పోగొట్టుకున్నది రాబట్టడానికే మళ్లీ ఆడటం, ఈ జబ్బు నిర్ధారణకు మేం చూసే లక్షణాల్లో ఒకటి.

కాణిపాకం ప్రమాణం వృథా అని నేను అనను. నలభై రోజులు ఆగారంటే మానాలని ఆయనకూ ఉందనే అర్థం. కానీ ఆ నలభై రోజులూ ఫోన్‌లో డబ్బు కట్టే యాప్ అలాగే ఉంది, స్టాండులో బేరం కోసం గంటలకొద్దీ కూర్చోవడం అలాగే ఉంది, అప్పులవాళ్ల ఫోన్లూ ఆగలేదు. ఒట్టు ఒక్కటే ఇన్నిటినీ మొయ్యలేదమ్మా. పైగా దేవుడి ముందు చేసిన ఒట్టు తప్పాక మనిషి సిగ్గుతో కుంగిపోయి ఇంకా దాచడం మొదలుపెడతాడు. దయచేసి ఇంకోసారి ఒట్టు వేయించకండి.

పుట్టింటివాళ్లు అప్పు తీర్చడం కూడా ఇక ఆపాలి. కఠినంగా అనిపిస్తుందని తెలుసు. అప్పు తీరిన రోజే మళ్లీ అప్పు పుట్టే దారి తెరుచుకుంటుంది, మీ ఇంట్లో రెండుసార్లు జరిగింది అదే. ముందు ఆయనతో కూర్చుని ఎవరికి ఎంత ఇవ్వాలో, వడ్డీ ఎంతో, లోన్ యాప్‌లతో సహా ఒక కాగితం మీద రాయించండి. మొదటిసారి పూర్తిగా చెప్పరు, రెండు మూడు రోజులకు ఇంకొన్ని బయటికొస్తాయి, అప్పుడు గొడవ పెట్టుకోకండి. తర్వాత డబ్బు దారి మార్చాలి. ఆయన ఫోన్‌లోంచి యూపీఐ తీసేయించి, కారులో మీ ఖాతా క్యూఆర్ కోడ్ అంటించండి, బాడుగ డబ్బులు నేరుగా మీ ఖాతాలో పడతాయి, డీజిల్‌కు, టీకి కావాల్సింది ఏ రోజుకారోజు మీరే నోటుగా ఇవ్వండి. దీనికి ఆయన ఒప్పుకోవాలి, కొన్ని నెలల కోసమేనని చెప్పి ఒప్పించండి. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగ్ 2020 నుంచే నిషేధం, 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు కూడా చట్టం చేసింది. అయినా లింకులు ఏదో ఒక దారిలో వస్తూనే ఉంటాయి, అందుకే తాళం డబ్బుకు వేయమంటున్నాను.

వైద్యం ఉంది. రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఈ జబ్బుకు బాగా పనిచేస్తుందని ఎక్కువ రుజువులున్నది సీబీటీ అనే మాటల చికిత్స: ఏ సమయంలో, ఏ మూడ్‌లో చెయ్యి ఫోన్ మీదకి పోతోందో గుర్తించడం, ‘ఈసారి నాదే’ అన్న లెక్క ఎందుకు తప్పో తెలుసుకోవడం, కోరిక పుట్టినప్పుడు ఆ పావుగంట ఎలా దాటాలో నేర్చుకోవడం. కొందరికి నాల్ట్రెక్సోన్ అనే మాత్ర కూడా ఉపయోగపడుతుంది, అది లివర్ పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయించాలి. డిప్రెషన్ గానీ తాగుడు గానీ ఉంటే వాటికీ చికిత్స చేయాలి. మధ్యలో ఒకసారి తప్పి ఆడినా చికిత్స ఫెయిలైనట్టు కాదు, మళ్లీ రమ్మనండి.

ఇది మాత్రం ఈ రోజే చేయండి. అప్పుల్లో కూరుకుపోయిన జూదరుల్లో ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువ. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, చాలామందికి మనసులో బరువు దిగుతుంది. అవునంటే ఆయన్ని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. లోన్ యాప్ వాళ్లు బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

అబ్బాయి విషయానికొస్తే, అంత భయం అక్కర్లేదనిపిస్తోంది. గేమింగ్ డిజార్డర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో పెట్టిన మాట నిజం, అది 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ అందులో ఇన్ని గంటలు ఆడితే జబ్బు అని ఎక్కడా లేదు. ఆపుకోలేకపోవడం, చదువు, ఆటలు, స్నేహితుల కన్నా గేమే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపకపోవడం, ఈ మూడూ సాధారణంగా ఏడాది పాటు కనిపించాలి. బాబు బడికి వెళ్తూ, బయట ఆడుకుంటూ, అన్నం నిద్ర సరిగ్గా ఉంటే అది అలవాటే. మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోకండి, ‘ఈ మ్యాచ్ అయ్యాక ఇచ్చేయ్’ అనండి. ఒక్కదాని మీద కన్నేసి ఉంచండి: గేమ్‌లో ఏమొస్తుందో తెలియని పెట్టెలు డబ్బులిచ్చి కొంటున్నాడా? వాటి మీద ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లలో జూదం సమస్యా ఎక్కువని చాలా పరిశోధనల్లో కనిపించింది. జూదం యావలో వంశపారంపర్యం పాత్ర కూడా ఉందని కవలల మీద చేసిన పరిశోధనలు చెప్తున్నాయి, మీ బాబు విషయంలో నాకున్న జాగ్రత్త అదొక్కటే. వాడి చేతికిచ్చే ఫోన్‌లో డబ్బు కట్టే యాప్ ఉండకూడదు. నిజంగా ముదిరితే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి పిల్లలకు ‘షట్’ అనే క్లినిక్ నడుస్తోంది.

మీ రీల్స్ సంగతి. స్మార్ట్‌ఫోన్ అడిక్షన్ అన్న మాట అందరూ వాడుతున్నా, ఆ పేరుతో అధికారికంగా జబ్బేదీ లేదు. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మూడున్నర లక్షల మందికి పైగా కౌమార వయసు పిల్లల సర్వేలు పరిశీలిస్తే, వాళ్ల మానసిక క్షేమంలోని తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడింది 0.4 శాతానికి మించలేదు. ఇది పిల్లల లెక్కే అయినా, ఫోన్ చూస్తున్నారన్నంత మాత్రాన జబ్బు అనుకోనక్కర్లేదు. నాకు అనిపించేది, మీకు నిద్ర పట్టనిది రీల్స్ వల్ల కాదు, మూడేళ్ల టెన్షన్ వల్ల. రాత్రి ఛార్జర్ వంటింట్లో పెట్టుకోండి. రెండు వారాలు దాటినా నిద్ర లేక, ఊరికే ఏడుపొస్తుంటే అదే ఓపీలో మీరూ చూపించుకోండి.

వెళ్లేటప్పుడు ఆ అప్పుల కాగితం తీసుకెళ్లండి. ఆయన రానని మొండికేస్తే మీరొక్కరే అయినా వెళ్లండి, ఆయన్ని ఎలా తీసుకురావాలో అక్కడ మాట్లాడుకోవచ్చు.