ఈ3/ఈ4 వచ్చింది సరే, ఆ ఈ4 ఎవరిచ్చారు?

మీరు అడిగినవి రెండు. అమ్మకు 71వ ఏట అల్జీమర్స్ మొదలైంది, నాన్నమ్మేమో 96 ఏళ్లు బతికి చివరిదాకా మనవలందర్నీ పేరుపేరునా పిలిచింది, మీ డీఎన్ఏ రిపోర్టులో అల్జీమర్స్ ముప్పుతో ముడిపడ్డ ఏపీఓఈ అనే జన్యువు (ఈ2, ఈ3, ఈ4 అని దానికి మూడు రకాలు; ఒక కాపీ అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వస్తాయి) ఈ3/ఈ4 అని వచ్చింది కాబట్టి మీది ఎవరి దారి అన్నది మొదటిది. ఈ సంగతి తమ్ముడికి చెప్పాలా వద్దా అన్నది రెండోది. నేను డాక్టర్ని కాదు. అల్జీమర్స్‌తో ఉన్న అమ్మను తొమ్మిదేళ్లు చూసుకున్నదాన్ని. నాదీ ఈ3/ఈ4యే, నాకూ ఒక తమ్ముడున్నాడు. పైగా ఇలాంటి రిపోర్టు చదవడంలో ఒకసారి గట్టి దెబ్బ తిన్నాను. ముందు అది చెప్తాను, ఎందుకంటే మీరు రిపోర్టు మాత్రమే చూశారో, దాని వెనకున్న ఫైలు కూడా తవ్వారో మీ ప్రశ్నలో లేదు.

అమ్మ పోయిన ఏడాది, ఉమ్మి నింపి పంపే కిట్ ఒకటి తెప్పించాను. పూర్వీకులెవరో తెలుస్తుందని సరదా, అంతే. వాళ్ల సైటులో ముడి డేటా దించుకోవచ్చని చూసి ఒక రాత్రి దించాను. ఆరు లక్షల పైచిలుకు వరసలున్న టెక్స్ట్ ఫైలు. అందులో ఆర్ఎస్429358 (డీఎన్ఏలో ఒక చోటికి పెట్టిన గుర్తు) అని వెతికితే ఒక వరస, దాని చివర సి, టి అని రెండు అక్షరాలు, రెండు కాపీలకు చెరొకటి. ఆర్ఎస్7412 దగ్గర సి, సి. ఏపీఓఈ రకం తేలేది ఈ రెండు వరసల మీదే. మొదటిదాంట్లో సి ఉంటే ఈ4 జాడ, రెండోదాంట్లో టి ఉంటే ఈ2 జాడ, రెండూ లేని కాపీ ఈ3. అలా నాది ఈ3/ఈ4 అని నేనే తేల్చుకున్నాను. అక్కడితో కంప్యూటర్ మూసేసి పడుకోవాల్సింది.

పడుకోలేదు. ముడి ఫైలు ఇస్తే జబ్బులన్నీ చెప్తామనే ఇంకో సైటులో దాన్ని ఎక్కించాను. పది నిమిషాల్లో పేజీ పైనే ఎర్ర అక్షరాల్లో ప్రెసెనిలిన్-1 జన్యువులో రోగకారక మార్పు ఉందని వచ్చింది. ఈ4 అనేది ముప్పు పెంచే రకం మాత్రమే. ప్రెసెనిలిన్-1 అలా కాదు. అందులో నిజమైన రోగకారక మార్పు ఉంటే జబ్బు దాదాపు ఖాయం, అదీ ముప్ఫైల నుంచి యాభైల మధ్యలోనే మొదలవుతుంది, పిల్లల్లో ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశం. నాకప్పుడు 46. ఆ తర్వాత ఐదు వారాలు తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోయినా గుండె జారిపోయేది.

చివరికి జన్యు పరీక్షల ఫలితాలు విడమరిచి చెప్పే ఒక జెనెటిక్ కౌన్సెలర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా ఫైలు వైపు చూడను కూడా చూడలేదు. "అమ్మగారిలో మొదట తేడా కనిపించింది ఏ వయసులో?" అని అడిగారు. 73 అన్నాను. అమ్మమ్మ, పెద్దమ్మ, మేనమామలు, ఒక్కొక్కరూ ఎన్నేళ్లు బతికారు, దేనితో పోయారు అని అడుగుతూ తెల్లకాగితం మీద మగవాళ్లకు చతురస్రాలు, ఆడవాళ్లకు సున్నాలు గీసుకుంటూ పోయారు. అంతా అయ్యాక నలుపు పూసినది ఒక్క సున్నాయే, అమ్మది. "మీరు చెప్పిన మార్పు మీ ఇంట్లో నడుస్తుంటే ఈ కాగితం ఇలా ఉండదమ్మా" అన్నారు. రక్తం తీసి ల్యాబులో మళ్లీ చదివించారు. ప్రెసెనిలిన్ మార్పు లేదు. ఈ3/ఈ4 మాత్రం నిజమే.

ఒకే ఫైలులో ఒకటి నిజం, ఒకటి అబద్ధం ఎలా అయ్యాయని తర్వాత ఆవిడే విడమరిచారు. ఈ కిట్లు జన్యువును మొదటి నుంచి చివరిదాకా చదవవు. చిప్ మీద ముందే ఎంచుకున్న చోట్లు మాత్రమే చూస్తాయి. చాలామందిలో ఉండే మార్పయితే వేలమంది నమూనాలు పోల్చుకుని సాఫ్ట్‌వేర్ సరిగ్గానే గుర్తుపడుతుంది. వేలల్లో ఒక్కరికి కూడా లేని అరుదైన మార్పయితే పోల్చుకోవడానికేమీ ఉండదు, చిన్న మసకను కూడా మార్పనుకుంటుంది. ఈ4 ఏమో ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరికి ఒక కాపీ అయినా ఉండే రకం. కాబట్టి మీ ఈ3/ఈ4 నిజమే అయ్యుంటుంది, అయినా దాన్ని బట్టి ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ల్యాబులో ఒకసారి ఖాయం చేయించుకోండి. ముడి ఫైలులో ప్రెసెనిలిన్-1, ప్రెసెనిలిన్-2, ఏపీపీ అనే పేర్లు ఎర్రగా కనిపిస్తే మాత్రం ల్యాబు చెప్పేదాకా నమ్మకండి. మొత్తం అల్జీమర్స్ రోగుల్లో ఈ మూడు జన్యువుల వల్ల జబ్బు వచ్చినవాళ్లు నూటికి ఒక్కరు కూడా ఉండరు.

ఇప్పుడు ఈ4 సంగతి. ఏపీఓఈ 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది తయారుచేసే ప్రొటీను మెదడులో కొవ్వునూ కొలెస్ట్రాల్‌నూ ఒక కణం నుంచి ఇంకో కణానికి మోసుకెళ్లే కూలీ. 299 అమైనో ఆమ్లాల దండ అది. ఈ3లో 112వ పూస సిస్టీన్ అయితే ఈ4లో అర్జినిన్. తేడా ఆ ఒక్క పూసే. దాంతో ప్రొటీను మడత మారుతుంది, మోత పని దెబ్బతింటుంది, అమైలాయిడ్ చెత్త (అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే ప్రొటీను) ఊడ్చడం మందగిస్తుంది. అల్జీమర్స్‌తో దీని సంబంధం బయటపడింది 1993లో, డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఆలెన్ రోజెస్ బృందం చేతిలో. గమ్మత్తేమిటంటే మన జాతికి పాత రకం ఈ4యే, ఈ3 తర్వాత వచ్చింది. కాబట్టి ఈ4ను ఏదో చెడిపోయిన జన్యువులా చూడక్కర్లేదు.

ఒక కాపీ ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండు కాపీలుంటే ఎనిమిది నుంచి పన్నెండు రెట్లు అని ఎక్కడ చూసినా రాస్తారు. రెట్లు వింటే భయం వేస్తుంది, నాకూ వేసింది. అసలు అంకె అడగండి. ఈ3/ఈ4 ఉన్నవాళ్లలో 85 ఏళ్లు వచ్చేసరికి జబ్బు పడేది, వేర్వేరు అధ్యయనాల్లో, నూటికి 20 నుంచి 30 మంది. ఆడవాళ్లకు కాస్త ఎక్కువ. అంటే 70 మందికో 80 మందికో అప్పటికి రాలేదు. ఈ లెక్కలు కూడా ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ల మీద తీసినవి. ఆఫ్రికా మూలాలున్నవాళ్లలో ఈ4 దెబ్బ తక్కువ, తూర్పు ఆసియా వాళ్లలో ఎక్కువ అని తేలింది. అదే అక్షరం ఒక్కో జనాభాలో ఒక్కోలా పనిచేస్తోందన్నమాట. ఇంకో సంగతి, ఈ4 వల్ల పెద్ద తేడా వచ్చేది జబ్బు మొదలయ్యే వయసులో. 1993లో రోజెస్ బృందం చూసిన కుటుంబాల్లోనే ఈ4 లేనివాళ్లకు సగటున 84లో మొదలైతే రెండు కాపీలున్నవాళ్లకు 68లోనే మొదలైంది. గడియారాన్ని ముందుకు తిప్పడమే ఎక్కువగా దాని పని.

మీ ప్రశ్నలో నాకు తట్టిన తిరకాసు ఇక్కడే ఉంది. ఆ ఈ4 అమ్మ నుంచే వచ్చిందని మీరు ఎలా అనుకున్నారు? అమ్మను పరీక్షించలేదు, నాన్నమ్మనూ పరీక్షించలేదు. అల్జీమర్స్ వచ్చినవాళ్లలో ఈ4 లేనివాళ్లు బోలెడంతమంది. ఈ4 ఉండి తొంభై దాటినా చురుగ్గా ఉన్నవాళ్లూ ఉన్నారు. మీరు ధీమాగా చెప్పుకుంటున్న ఆ నాన్నమ్మే నాన్న ద్వారా మీకు దీన్ని ఇచ్చి ఉండొచ్చు. మా ఇంట్లో నాన్న 64వ ఏట గుండెపోటుతో పోయారు. ఈ4 చెడు కొలెస్ట్రాల్‌ను కూడా కొంత పెంచుతుంది. నా ఈ4 ఆయనదే అయ్యుండొచ్చు. మతిమరుపు వచ్చే వయసు దాకా ఆయన బతికుంటే కదా తెలిసేది! నేను నాలుగేళ్లు అమ్మ పోలికలు లెక్కపెట్టుకుంటూ భయపడ్డాను. అద్దంలో నా ముక్కు చూసి కూడా భయపడ్డాను, ఏం చెప్పమంటారు.

దీర్ఘాయుష్షు వైపు నుంచి చూసినా తగిలేది ఈ జన్యువే. 1994లో ఫ్రాన్సులో నూరేళ్లు నిండినవాళ్ల రక్తం చూస్తే ఈ4 మిగతా జనంలో ఉన్నదానిలో సగమే ఉంది, ఈ2 ఎక్కువగా ఉంది. ఆ తర్వాత పదేపదే నిలబడిన ఇంకో జన్యువు ఫాక్సో3, హవాయిలో ఉంటున్న జపాన్ మూలాల మగవాళ్లలో 2008లో దొరికింది. ఇవి కాక గట్టిగా నిలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డెన్మార్క్‌లో 1870 నుంచి 1900 మధ్య పుట్టిన కవలలను లెక్కగట్టి, మనిషి ఆయుష్షులో తేడాలకు జన్యువుల వాటా నాలుగో వంతు అని 1996లో చెప్పారు. తర్వాత వచ్చిన లెక్కల్లో కొన్ని అంతకన్నా తక్కువ చెప్పాయి, కొన్ని ఎక్కువ. మీ నాన్నమ్మ లాంటివాళ్లు ఉంటారనడానికి సాక్ష్యం కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో 115 ఏళ్లు బతికి 2005లో పోయిన హెండ్రిక్యే వాన్ ఆండెల్-షిప్పర్ మెదడును కోసి చూస్తే అల్జీమర్స్ గుర్తులు దాదాపు లేవు. వయసు మీద పడితే మతి పోవాల్సిందేనని లేదు.

నాకు బాగా పట్టుకున్నది కొలంబియా కథ. ఆంటియోకియా ప్రాంతంలో డాక్టర్ ఫ్రాన్సిస్కో లోపెరా దశాబ్దాల పాటు వెంటపడి చూసిన ఒక పెద్ద వంశం ఉంది. వాళ్లలో నడిచేది ప్రెసెనిలిన్-1 మార్పు, నేను ఐదు వారాలు వణికింది అలాంటిదానికే. అది ఉన్నవాళ్లకు 44 ఏళ్ల ప్రాంతంలో మతి తడబడడం మొదలవుతుంది. వాళ్లలో ఒకావిడకు మాత్రం డెబ్బైల్లోకి వచ్చేదాకా ఏమీ కాలేదు. స్కాన్ తీస్తే మెదడు నిండా అమైలాయిడ్ ఉంది, మనిషి మాత్రం తన పనులు తాను చేసుకుంటోంది. కారణం వెతికితే ఆవిడ ఏపీఓఈలో, ఈ3 మీదే, క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు రెండు కాపీలు ఉంది. 2019లో ఇది ప్రచురించారు. అంత ఖాయమనుకున్న జబ్బును ఇంకో జన్యువులో ఒక్క అక్షరం ముప్ఫై ఏళ్లు వాయిదా వేసింది. మీ రిపోర్టు చూపించింది ఒక్క జన్యువును. మిగతావాటిలో ఏమున్నాయో అది చెప్పలేదు.

రిపోర్టు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. 2023లో లెకానెమాబ్, 2024లో డొనానెమాబ్ అమెరికాలో పూర్తి అనుమతి పొందాయి, రెండూ అమైలాయిడ్‌ను తొలగించే మందులు. వీటితో మెదడులో వాపు, చిన్నచిన్న రక్తస్రావాలు వచ్చే ప్రమాదం ఈ4 ఉన్నవాళ్లలో, అందులోనూ రెండు కాపీలున్నవాళ్లలో ఎక్కువ. అందుకే మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయించమంటారు. అది జబ్బు మొదలైన వాళ్ల మాట. మీకూ నాకూ అయితే బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, వినికిడి. చివరిది అందరూ మర్చిపోతారు. అమ్మకు చెవుడు మొదలైన ఐదారేళ్లకు గానీ మేం మెషిన్ పెట్టించలేదు, నేను మాత్రం 50కే వినికిడి పరీక్ష చేయించుకున్నాను.

తమ్ముడి విషయం. చెప్పాలా అని కాదు, తెలుసుకోవాలని ఉందా అని అడగండి. డీఎన్ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకరైన జేమ్స్ వాట్సన్ 2007లో తన జన్యుపటం మొత్తం లోకానికి ఇచ్చేసి, ఏపీఓఈ ఒక్కటి మాత్రం తనకు కూడా చెప్పొద్దన్నాడు. అంతటివాడికి లేని గుండె దిటవు మన ఇంట్లోవాళ్లకు ఉండాలని పట్టుబట్టడమేంటి? అల్జీమర్స్ రోగుల పిల్లలకు ఫలితం చెప్తే కుంగిపోతారా అని అమెరికాలో చూశారు, 2009లో వచ్చిన జవాబు పెద్దగా కుంగిపోలేదనే. కానీ వాళ్లంతా తెలుసుకోవాలని వచ్చినవాళ్లు, పక్కన కౌన్సెలర్ ఉన్నాడు. భోజనాల దగ్గర అక్క బాంబులా పేల్చిన వార్త కాదది. ఇన్సూరెన్స్ తీసుకునే ఆలోచన ఉంటే మీ దేశంలో జన్యు పరీక్షల గురించి రూల్ ఏముందో, ఫలితం అడిగే ముందే చూసుకోమనండి.

నేను మావాణ్ని ఫోన్లో అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "అక్కా, నీకేం వచ్చిందో కూడా చెప్పకు" అన్నాడు. చెప్పలేదు. ఇప్పటికి మూడేళ్లయింది, మళ్లీ ఆ ఊసెత్తలేదు. మొన్న మాత్రం ఇంట్లో పెట్టుకోవడానికి బీపీ మెషిన్ ఏది మంచిదని మెసేజ్ పెట్టాడు.