కార్తీకంలో పెళ్లి, ఆకాశంలో మబ్బు: వాన ఖర్చు ఎంత పక్కన పెట్టాలి?

ప్రశ్న: నేను రిటైరైన స్కూలు టీచర్ని. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా చిన్నమ్మాయి పెళ్లి కార్తీకంలో, నవంబరు నెలాఖరున, రాత్రి ముహూర్తం. బంగారం, బట్టలు కాక 15 లక్షల్లో చేద్దామనుకుంటున్నాను. మూడేళ్ల కిందట వేసిన 9 లక్షల ఎఫ్‌డీ ఉంది గానీ అది డిసెంబరు మూడో వారానికి గానీ చేతికి రాదు. 5 లక్షల చీటీ నడుస్తోంది. సేవింగ్స్‌లో రెండున్నర లక్షలున్నాయి. వెయ్యి మందికి భోజనాలు, ప్లేటు 400. కాలవ గట్టున ఉన్న లాన్ 90 వేలు, మొత్తం ఇప్పుడే కట్టేస్తే 10 వేలు తగ్గిస్తామంటున్నారు. ఏసీ కల్యాణ మండపం అయితే 2 లక్షల 20 వేలు. వియ్యాలవారికి ఆరుబయట స్టేజీ మీద మనసుంది. మొంథా తుపాను చూశాక నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. వాన కోసం ఎంత ఉంచాలి? పెళ్లికి ఇన్సూరెన్స్ తీసుకోమంటారా? మా ఆవిడ ముందురోజు బంధువుల భోజనాలు మేడ మీద పెడదామంటోంది, అది కూడా చెప్పండి.

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో రెండు మాటల దగ్గర ఆగాను. ఒకటి కార్తీకం, రెండోది రాత్రి ముహూర్తం.

కార్తీకం సంగతి మీ జిల్లావాళ్లకు నేను చెప్పేదేముంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. కోనసీమను ఊడ్చేసిన తుపాను 1996 నవంబరు 6న. 2013 నవంబరులో హెలెన్ వచ్చి వెళ్లిన వారంలోనే లెహర్ అన్నారు. 2023లో మిచౌంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి మీకు కూతవేటు దూరంలో, నరసాపురం దగ్గర. మంచి ముహూర్తాలూ ఈశాన్య రుతుపవనాలూ ఒకే నెలల్లో వస్తాయి మనకి, ఏం చేస్తాం. అయినా మీరు లెక్క కట్టాల్సింది తుపానుకు కాదు. సరిగ్గా మీ ముహూర్తం రోజునే తుపాను మీ ఊరి మీదకి రావడం అరుదు. అల్పపీడనం పట్టి రెండు రోజులు వదలకుండా కురవడం మాత్రం ఏటా చూస్తున్నదే. మీ పద్దు దానికి రాసుకోండి.

ఇక ముహూర్తం. వాన వచ్చినా వరద వచ్చినా ఆ గడియకి తాళి కట్టాల్సిందే. వాయిదా అన్న మాట మీరూ అనరు, వియ్యాలవారూ అననివ్వరు. అందుకని ఇన్సూరెన్స్ ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను: మీకు అక్కర్లేదు. పెళ్లి పాలసీలు మన దేశంలో కొన్ని జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీల దగ్గర ఉన్నాయి. అవి ప్రధానంగా అగ్నిప్రమాదం, తుపాను, వరద లాంటి వాటి వల్ల పెళ్లి రద్దయినా వాయిదా పడినా కట్టిన అడ్వాన్సులకు పరిహారం ఇస్తాయి. మన ఇళ్లలో జరిగేది అది కాదుగా. పెళ్లి జరుగుతుంది, వెయ్యి మందికి ఆరువందల మంది వస్తారు, నాలుగువందల ప్లేట్లు మిగిలిపోతాయి. లక్షా అరవై వేలు. జనం తక్కువ వచ్చారని ఏ కంపెనీ మీకు చెక్కు పంపదు. పైగా తుపాను హెచ్చరిక వచ్చాక పరుగెత్తుకెళ్లి కొన్న పాలసీ ఆ తుపానుకి పనికిరాదు. విశాఖ బీచ్ రిసార్టులో అరవై లక్షల పెళ్లి అయితే రెండు మూడు కంపెనీల దగ్గర కొటేషన్లు తెప్పించమనేవాణ్ని.

లాన్ మాటకొద్దాం. 90 వేలు అనేది ఎండ కాసే రోజు ధర. కాలవ గట్టు నేల కాబట్టి రెండు రోజుల వాన పడితే కుర్చీ కాళ్లు దిగబడతాయి. మండపానికీ భోజనాలకీ కలిపి వాటర్‌ప్రూఫ్ షెడ్డు వేయించాలంటే 80 వేలకి తక్కువ అవుతుందని నేననుకోను. కింద చెక్కలు పరిచి మ్యాట్ వేయడానికి ఇంకో 20, జనరేటరుకీ డీజిలుకీ 15. మొత్తం 2 లక్షల 5 వేలు. పక్కా కప్పు కింద ఏసీ హాలుకీ దీనికీ తేడా 15 వేలు. ఆ 15 వేల కోసం ఆ రాత్రంతా తల పైకెత్తి ఆకాశం చూస్తూ కూర్చుంటారా?

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. మా మేనకోడలి పెళ్లి ఆరుబయటే చేశాం. మధ్యాహ్నం మూడింటికి సన్నగా మొదలైంది. నాలుగయ్యేసరికి షామియానా గుడ్డ నీళ్లు నిండి గేదె పొట్టలా కిందికి జారింది. ఒక కుర్రాడు వెదురు కర్రతో కింద నుంచి పొడిచాడు, నీళ్లు దించుదామని. ఆ నీళ్లన్నీ వెళ్లి సౌండ్ బాక్సు మీద పడ్డాయి. అప్పుడు టెంట్ హౌస్ ఆయన, చాలా మర్యాదగా, టార్పాలిన్లు కావాలంటే 35 వేలవుతుందన్నాడు. నెల ముందు అడిగి ఉంటే 8 వేలకి వచ్చేవి. మా బావ ఇంకో మాట మాట్లాడకుండా ఇచ్చాడు. ఆడపిల్ల తండ్రి పెళ్లిరోజు సాయంత్రం నాలుగింటికి ఏం బేరమాడతాడు?

కాబట్టి హాలే తీసుకోండి. అయితే హాలు చూడ్డానికి పగటిపూట, మీ వెంట ఒక మేస్త్రీని తీసుకుని వెళ్లండి. చాలా చోట్ల భోజనాల గది సెల్లార్‌లో ఉంటుంది. అక్కడ గోడ అడుగున నీటి చార ఉందేమో, కొత్తగా రంగు వేసి ఉంటే ఆ ఒక్క గోడకే ఎందుకు వేశారో అడగండి. జనరేటరు నేల మీద ఉందా, దిమ్మె మీద ఉందా చూడండి. రోడ్డు మీంచి గేటు దాకా నీళ్లు నిలిచే పల్లం ఉంటే ఆ హాలు వదిలేయండి. వియ్యాలవారికి ఆరుబయట ఫొటోల సరదా ఉంటే హల్దీ వాళ్లింటి పెరట్లో పెట్టుకోవచ్చు. వానొస్తే వరండాలోకి జరిగితే సరిపోతుంది.

ఆ 10 వేల తగ్గింపు కోసం ఎవరికీ మొత్తం డబ్బు ముందే కట్టకండి, హాలువాళ్లు ఆశ చూపించినా సరే. మూడో వంతు అడ్వాన్సు చాలు. ఇచ్చేటప్పుడు కాగితం మీద రాయించుకోండి: రెడ్ అలర్టు వల్లో, రోడ్డు మునగడం వల్లో హాలు తెరవలేకపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వాలి, లేదా మనం అడిగిన వేరే తేదీకి సర్దాలి. కాగితానికి మొహమాటపడితే అదే సంగతి వాట్సాప్‌లో పంపి ఆయన చేత ‘సరే’ అనిపించుకోండి. నిజానికి 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 56, 65 సెక్షన్లు ఇలాంటి సందర్భం గురించే. ఎవరి తప్పూ లేకుండా ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైతే, దాని కింద పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలి. మాట తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కానీ చేతిలో రసీదు ఉండాలి కదా. అందుకే నగదు వద్దు, బ్యాంకు ద్వారానే పంపండి. ఒకే వేడుకకి ఒక్కరి దగ్గర నుంచి 2 లక్షలు లేదా అంతకు మించి నగదు పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఎలాగూ కుదరదు. నాలుగు ముక్కలుగా ఇచ్చినా అది ఒకే వేడుక కిందికే వస్తుంది. జరిమానా పుచ్చుకున్నవారికి పడుతుంది, కాబట్టి క్యాటరింగ్ ఆయనకి ఈ సంగతి మీరే మెల్లగా చెప్పండి.

అసలు డబ్బు పోయేది ఆ క్యాటరింగ్ దగ్గరే. బియ్యం, పప్పు ఆయన ముందే తెచ్చి పెట్టుకుంటాడు, అవి పాడవవు. కూరగాయలు, పాలు, పెరుగు మాత్రం చివరి రెండు రోజుల్లో వస్తాయి. అందుకని ‘ప్లేట్ల లెక్క పెళ్లికి రెండు రోజుల ముందు సాయంత్రం చెబుతాం, ఎంత తగ్గినా 750కి మాత్రం డబ్బులిస్తాం’ అని ఇప్పుడే మాట్లాడుకోండి. అప్పుడు ఆరువందల మందే వచ్చినా మీకు దండగయ్యేది లక్షా అరవై కాదు, 60 వేలు. ప్లేటుకి పది రూపాయలు ఎక్కువ అడిగినా ఒప్పుకోండి. ఈ మొత్తం ఏర్పాటులో మీకు బీమా లాంటిది ఏదైనా ఉందంటే ఆ పది రూపాయలే.

ఇక వాన పద్దు. లక్షన్నర పెట్టుకోండి. అయితే మీ 15 లక్షల పైన కాదు, ఆ 15లోనే. అంటే పెళ్లి పదమూడున్నరలో అయిపోవాలి. దేంట్లో తగ్గించాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, నా ఓటు స్టేజీ పూల మీద. ఆ లక్షన్నరలో 60 వేలు మిగిలిపోయే ప్లేట్లవి. మిగతాది డీజిలుకి, బస్సులు అందక ఆగిపోయిన బంధువులకి అదనంగా ఒక రాత్రి గదులకి, కార్లకి. మొంథా అప్పుడు పదుల సంఖ్యలో రైళ్లు రద్దు చేశారు. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లను ముహూర్తం రోజు పొద్దున కాకుండా ముందురోజే దిగమనండి. రైల్వే వాళ్లే రైలు రద్దు చేస్తే టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి వస్తుంది, మేనమామ మాత్రం మండపానికి రాలేడు.

ఎఫ్‌డీని పగలగొట్టకండి. గడువుకి ముందే తీస్తే వడ్డీలో ఒక శాతం కోత అనుకున్నా మూడేళ్ల మీద దాదాపు 27 వేలు పోతాయి, అదీ ఇంకో మూడు వారాలు ఆగలేక. దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ అడగండి, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి కావలసినప్పుడు కావలసినంత వాడుకునే అప్పు. సాధారణంగా 90 శాతం దాకా, అంటే 8 లక్షల 10 వేల దాకా ఇస్తారు. ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. మీరు ఆరున్నర లక్షలు నెల రోజులు వాడారనుకుందాం, 8 శాతం లెక్కన నాలుగున్నర వేల లోపే వడ్డీ. ఎఫ్‌డీ దాని వడ్డీ అది సంపాదించుకుంటూనే ఉంటుంది. ఇందులో నాకు నచ్చేది ఇంకొకటుంది. ఓవర్‌డ్రాఫ్ట్‌లో తీసుకున్న దానికే వడ్డీ. పైన మిగిలిన లక్షన్నరే మీ వాన పద్దు. వాన రాకపోతే దాని మీద పైసా ఖర్చు లేదు. చీటీ మాత్రం సెప్టెంబరులోనే పాడేయండి. జామీనుల సంతకాలు, కాగితాలు అంటూ రోజులు గడిచిపోతాయి.

వారం ముందే 40 వేలు చిన్న నోట్లుగా ఇంట్లో ఉంచండి. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే అంటే ట్రాక్టరు డ్రైవరు నవ్వుతాడు.

రెండు వారాల ముందు నుంచి వాతావరణ శాఖ గురువారాల్లో ఇచ్చే అంచనా చూస్తూ ఉండండి, ఊరికే ఒక అవగాహన కోసం. ఖర్చు నిర్ణయాలు మాత్రం మూడు రోజుల ముందు తీసుకుంటే చాలు. అవి తీసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఆ మనిషి మీరు కాకూడదు. ఆరోజు మీరు పీటల మీద ఉంటారు. మీ బావమరిదో పెద్దల్లుడో, ఎవరైతే గొంతు పెంచకుండా పని జరిపిస్తారో వాళ్ల చేతిలో 50 వేలు పెట్టి, ‘నన్ను అడగకు, తర్వాత లెక్క చెప్పు’ అనండి.

మేడ మీద భోజనాల గురించి అమ్మగారికి చెప్పండి: పైన రేకుల షెడ్డు ఉంటే సరే, లేకపోతే వద్దు. తడిసిన మెట్ల మీద సాంబారు బకెట్టుతో ఎక్కే కుర్రాడి కాళ్లు కూడా మనం చూసుకోవాలి. పక్కింటివారి వరండా, మీ వరండా కలిపితే బంతికి ముప్పై మంది పడతారు. అడగడమేదో ఇవాళే అడిగేయండి, అప్పటికి వాళ్లింట్లో కూడా ఏదైనా కార్యం పెట్టుకుంటారేమో.