వదినను ఓదార్చకండి, ఒక పని అడగండి

సరిహద్దు కాల్పుల్లో అన్నయ్య పోయి ఏడు నెలలైనా వదిన గది దాటి రావట్లేదని, ఆమెకు మళ్ళీ బతుకు మీద ఆశ ఎలా కలుగుతుందని అడిగారు.

మావారు 1999లో కార్గిల్‌లో పోయారు. అప్పుడు నాకు 26 ఏళ్ళు, పాపకు మూడు. బొల్లారంలో ఉండేవాళ్ళం. సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కనే, ఒకరికొకరు తెలిసిన చిన్న ఊరులాంటి చోటు. ఆరోజు ఊరంతా జెండాలతో వచ్చింది. పదకొండో రోజు దాటాక ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

తర్వాత యూనిట్ నుంచి ఆయన నల్ల ట్రంకుపెట్టె వచ్చింది. మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, పేరు, ఆయన చేతిరాతే. లోపల సగం వాడిన షేవింగ్ క్రీమ్, పాపకు కొన్న ఊలు టోపీ. రాత్రిళ్ళు ఆ పెట్టె పక్కనే పడుకునేదాన్ని. వచ్చినవాళ్ళంతా "వీరుడి భార్యవి, ఏడవకూడదు" అనేవారు. ఆ మాట మీ వదినగారితో అనకండి, ఎవరినీ అననివ్వకండి.

నన్ను బయటికి తెచ్చింది మా వీధి చివర ఉండే పెద్దమ్మ. ఆమె భర్త 1971 యుద్ధంలో పోయాడు. ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. పెన్షన్ కాగితం తెచ్చి, "బిడ్డా, ఇది జర సదివి పెట్టు, బ్యాంకోళ్ళు ఏదో తప్పంటున్నరు" అంది. చూస్తే మిలిటరీ రికార్డులో ఆమె పేరు ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం కదా, అక్కడ దాన్నే అసలు పేరనుకున్నారు. అఫిడవిట్లు, రిజిస్టర్డ్ ఉత్తరాలు అంటూ నాలుగు నెలలు తిరిగాం. ఒకరోజు ఆటోలో అంది: "నువ్వు ఆఖరిసారి మొగమన్న సూసుకున్నవ్. నాకు టెలిగ్రాం ఒక్కటే వచ్చింది." ఇద్దరం అక్కడే బోరుమన్నాం. ఆటో అబ్బాయి బండి పక్కకు ఆపి, ఏమీ అనకుండా దిగి నిలబడ్డాడు.

ఆమె పని అయ్యేలోపే ఇంకో ఇద్దరు కాగితాలు పట్టుకొచ్చారు. అప్పటినుంచీ అదే నా పని.

మీ వదినగారి పెన్షన్ ఆర్డరు ఒకసారి చూడండి. పోరులో చనిపోయినవారి భార్యకు రావలసింది మామూలు ఫ్యామిలీ పెన్షన్ కాదు, లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్. ఆఖరి జీతం లెక్కన ఇస్తారు. తేడా కనిపిస్తే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళండి, కానీ ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళండి. ఆమె కాగితం ఆమెనే చదవనివ్వండి. తిండి, నిద్ర బొత్తిగా మానేసినా, చచ్చిపోతానన్నా మాత్రం ఆగకండి, వెంటనే డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మొదట రానంటుంది. నేనూ పెద్దమ్మతో రెండుసార్లు కుదరదన్నాను. మూడోరోజు అదే కాగితం పట్టుకుని వచ్చి మా గుమ్మంలో కూర్చుంది.