పోలీసుల చేతికి కొత్త యంత్రం వస్తే నిబంధన ఎలా రాయాలి

అమ్మాయీ,

పోలీసుల నిఘా యంత్రాల మీద నువ్వు రాసి పంపిన నిబంధనల ముసాయిదా చదివాను. రెండో సెక్షన్‌లో ‘అత్యాధునిక నిఘా పరికరాలు’ అని శీర్షిక పెట్టి, కింద ఆరు యంత్రాల పేర్లు రాశావు. ముందు ఆ జాబితా కొట్టెయ్. ట్రాఫిక్ కోసమని స్తంభానికి బిగించిన కెమెరా ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ముఖాలు గుర్తుపట్టడం మొదలుపెడుతుంది. స్తంభం అదే, కెమెరా అదే, కొత్త టెండరూ ఉండదు. నీ జాబితాలో దాని పేరు లేదు కాబట్టి నీ నిబంధన దాన్ని తాకలేదు. అందుకని యంత్రం పేరు వదిలేసి అది చేసే పనిని నిర్వచించు: మనిషి ఎవరో పోల్చుకోవడం, ఎక్కడెక్కడ తిరిగాడో జాడ తీయడం, ఏం చేయబోతాడో అంచనా కట్టడం. దాని పక్కనే ఇంకో వాక్యం చేర్చు: ఉన్న పరికరానికి ఈ పనుల్లో ఏదైనా కొత్తగా అబ్బితే దాన్ని కొత్తగా సంపాదించినట్టే లెక్క, అనుమతి మళ్లీ మొదటినుంచి తీసుకోవాల్సిందే.

నిర్వచనంలో పోగుపడే సమాచారానికీ చోటుండాలి. 2018లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన కార్పెంటర్ కేసులో పోలీసులు ఒక మనిషి ఫోన్ జాడలు 127 రోజులవి తెప్పించారు, మొత్తం 12,898 చోట్లు. ఒక్కో చోటు విడిగా చూస్తే ఏమీ కాదు, కలిపి చూస్తే అతని జీవితమంతా అందులోనే ఉంది. నంబర్ ప్లేట్ కెమెరాల విషయంలోనూ ఇదే జరుగుతుంది.

‘సంపాదించడం’ అనే మాటను కూడా విప్పి రాయి. కంపెనీలు మొదట ఉచితంగా ‘ట్రయల్’ ఇస్తాయి. డబ్బు చేతులు మారలేదు కాబట్టి కొనుగోలు నియమాలు వర్తించవని వాదన వస్తుంది. ఆర్నెల్లయ్యేసరికి యంత్రం అలవాటైపోతుంది, తరవాత వచ్చే అనుమతి లాంఛనమే. కొన్నా, అరువు తెచ్చుకున్నా, దానంగా పుచ్చుకున్నా, ప్రయోగానికి పెట్టినా, వేరే సంస్థ యంత్రంలో వెతికించి ఫలితం మాత్రమే తెచ్చుకున్నా అన్నీ ‘సంపాదించడమే’ అని రాయి. ఆ చివరిది చాలామంది మర్చిపోతారు.

ఇక నీ ఐదో సెక్షన్: ‘అవసరమైన సందర్భాల్లో తగిన అధికారి అనుమతితో’. ఇందులో నిబంధనంటూ ఏమీ లేదు. బ్రిటన్‌లో సౌత్ వేల్స్ పోలీసుల ముఖ గుర్తింపు మీద బ్రిడ్జెస్ అనే పౌరుడు వేసిన కేసు 2020 ఆగస్టులో అప్పీలు కోర్టులో నెగ్గింది ఈ లోపం మీదే. వాచ్‌లిస్టులో, అంటే యంత్రం జనంలో వెతకాల్సిన ముఖాల జాబితాలో, ఎవర్ని పెట్టొచ్చు, కెమెరా ఎక్కడ నిలబెట్టొచ్చు అన్న రెండు ప్రశ్నలూ పోలీసుల ఇష్టానికే వదిలేశారని కోర్టు తేల్చింది. జనం గోప్యత మీద యంత్రం ప్రభావాన్ని ముందే లెక్కగట్టే అంచనా లోపభూయిష్టంగా ఉందనీ, సాఫ్ట్‌వేర్‌లో పక్షపాతం ఉందేమో పరీక్షించే బాధ్యత నెరవేర్చలేదనీ కూడా చెప్పింది. ‘మోతాదు మించిన జోక్యం’ అన్న వాదన మాత్రం అక్కడ నిలబడలేదు. కాబట్టి పెద్ద పెద్ద సూత్రాల మీద పేజీలు ఖర్చుపెట్టకు. గోప్యత హక్కు మీద మన సుప్రీంకోర్టు ఇచ్చిన 2017 పుట్టస్వామి తీర్పు, ఆ హక్కులో జోక్యానికి చట్టం, న్యాయమైన లక్ష్యం, దానికి తగిన మోతాదు ఉండాలంటుంది. ఆ మూడింటినీ పీఠికలో నాలుగు వాక్యాల్లో చెప్పి బయటపడు. బలమంతా వాచ్‌లిస్టు మీద పెట్టు.

వాచ్‌లిస్టుకు ఇవి రాయాలి. ఏ నేరాల అనుమానితులు ఎక్కుతారో పేరుపేరునా. ఫొటో ఎక్కడినుంచి తీసుకోవచ్చు, ముఖ్యంగా ఎక్కడినుంచి తీసుకోకూడదు. బాధితులు, సాక్షులు, సభకు వచ్చినవాళ్లు ఎక్కకూడదు. ఎవరి సంతకంతో ఎక్కారో ఆ సంతకం కనిపించాలి. ప్రతి మోహరింపుకూ జాబితా కొత్తగా తయారుకావాలి, పాతది ఆ రోజుతో చెరిగిపోవాలి. ఇది లేకపోతే పేర్లు చేరుతూనే ఉంటాయి, తీసే నాథుడుండడు.

తరవాత లెక్క. అమ్మకందారు ‘99.9 శాతం కచ్చితం’ అంటాడు. అబద్ధమే కానక్కర్లేదు. ఒక సభకు 50,000 మంది వచ్చారనుకో. వెయ్యికి ఒక పొరపాటంటే 50 మంది అమాయకుల మీద గంట మోగుతుంది. జాబితాలోని వాళ్లు నిజంగా ఐదుగురే ఉంటే, ఐదుగురూ దొరికినా, మోగిన 55 గంటల్లో 50 తప్పే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019లో 189 ముఖ గుర్తింపు అల్గారిదాలను పరీక్షించినప్పుడు, పొరపాటు సరిపోలికలు కొన్ని జాతుల వారిలో మిగతావారికంటే పది నుంచి వంద రెట్లు ఎక్కువగా వచ్చినవి చాలా కనిపించాయి. బ్రోచరు అంకె పనికిరాదు. వాడబోయే కెమెరాలతో, వాడబోయే వెలుతురులో, అక్కడి జనం మీద పరీక్ష జరిగి ఫలితం బయటపెట్టాలని రాయి. రెండు ముఖాలు ఎంత పోలి ఉన్నాయో యంత్రం వేసే సరిపోలిక మార్కు ఎంత దాటితే గంట మోగాలో ఆ అంకెను కంట్రోల్ రూములో ఎవరుపడితే వాళ్లు మార్చకూడదు, మారిస్తే ఎవరు, ఎందుకు అన్నది నమోదు కావాలి.

‘యంత్రం చెప్పినంత మాత్రాన అరెస్టు చేయరాదు’ అని నువ్వు రాసింది బాగుంది, కానీ సగమే. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక దొంగతనం కేసులో మసక వీడియో బొమ్మను యంత్రానికిచ్చి, అది చూపిన మనిషి ఫొటోను మరికొన్ని ఫొటోల మధ్య పెట్టి గుర్తుపట్టించారు. గుర్తుపట్టిన మనిషి దొంగతనం జరిగినప్పుడు అక్కడ లేనే లేదు, అదే వీడియో చూసిందంతే. 2020 జనవరిలో అరెస్టయింది అమాయకుడు. యంత్రం ఏరేది పోలికలున్న ముఖాన్నే గదా! ఆ ముఖాన్ని సాక్షి ముందు పెడితే సాక్షీ దాన్నే చూపిస్తాడు. ఒకే పొరపాటు కాగితం మీద రెండు రుజువులుగా కనిపిస్తుంది. ఆ అమాయకుడు వేసిన దావా 2024లో రాజీ అయినప్పుడు, యంత్రం ఫలితంతో నేరుగా ఫొటోల వరస పెట్టి గుర్తింపు జరపకూడదనే షరతు కూడా చేరింది. ఆ షరతు నీ ముసాయిదాలోకి తెచ్చుకో. యంత్రం వాడిన సంగతి, దానికిచ్చిన బొమ్మ, ఆ బొమ్మకు ఏమైనా మెరుగులు దిద్దారా, అది చూపిన మొత్తం పేర్ల వరస, వాటి మార్కులు ముద్దాయి లాయరుకు అందాలి. మొదటి పేరు ఒక్కటే ఇస్తే రెండోదానికి మార్కు ఎంత దగ్గరగా ఉందో ఎవరికీ తెలియదు.

డేటా ఎన్నాళ్లుంచాలో ‘అవసరమున్నంత కాలం’ అన్నావు. అంకె వెయ్యి. న్యూహాంప్‌షైర్ చట్టం నంబర్ ప్లేట్ కెమెరా తీసిన వివరాలు, అలారం మోగకపోతే, మూడు నిమిషాల్లో చెరిపేయమంటుంది. మన 2022 నేర ప్రక్రియ గుర్తింపు చట్టం వేలిముద్రల్లాంటి కొలతలను 75 ఏళ్లు ఉంచమంటుంది. రెండూ వేరే రకం డేటా, దేనితో ఏకీభవించినా అంకె ఉంది కాబట్టి కోర్టులో వాదించడానికి పట్టు దొరుకుతుంది. బ్యాకప్‌లో, కంపెనీ సర్వర్‌లో, ఇతర శాఖలకు పంపిన నకళ్లలో కూడా చెరపాలని విడిగా రాయకపోతే అవి అక్కడే ఉండిపోతాయి.

కంపెనీతో ఒప్పందం సంగతి. బ్రిడ్జెస్ కేసులో తయారీదారు వ్యాపార రహస్యమని, సాఫ్ట్‌వేర్‌కు ముఖాలు నేర్పడానికి వాడిన శిక్షణ డేటా బయటపెట్టలేదు, దాంతో పోలీసులకే పక్షపాతం సరిచూసుకునే దారి లేకపోయింది. కొన్నాక అడిగితే ఎవరూ ఇవ్వరు. పరీక్షకు, ఆడిట్‌కు, కోర్టుకు తెరిచి చూపుతామని టెండరు షరతుల్లోనే ఉండాలి.

అత్యవసర మినహాయింపు లేకుండా ఏ ముసాయిదా గట్టెక్కదు. యూరప్ ఏఐ చట్టం నమూనా చూడు: బహిరంగ స్థలాల్లో అప్పటికప్పుడు చేసే ముఖ గుర్తింపును అనుమతి లేకుండా అత్యవసరంగా మొదలుపెట్టినా 24 గంటల్లో అనుమతి అడగాలి, అది దక్కకపోతే వెంటనే ఆపి ఫలితాలతో సహా చెరిపేయాలి. ‘శాంతిభద్రతలు’ అన్న మాటను మాత్రం మినహాయింపులోకి రానివ్వకు, ఏదైనా అందులో ఇమిడిపోతుంది. ప్రాణాపాయం అని రాయి. ఉల్లంఘిస్తే ఆ సాక్ష్యం చెల్లదని, నష్టపోయినవాళ్లు దావా వేయొచ్చని కూడా ఉండాలి. శాఖాపరమైన చర్య ఒక్కటే రాస్తే ఏమవుతుందో నీకు తెలుసు.

చివరగా లాగ్, అంటే యంత్రం వాడిన ప్రతిసారీ పడే నమోదు. ఎవరు, ఎప్పుడు, ఏ కేసు నంబరు మీద, ఏం వెతికారు, ఏం దొరికింది, తరవాత ఏం చేశారు. ఈ ఆరు గడులు నింపందే తెర తెరుచుకోకుండా చేయించు, ఐదు, ఆరు గడులకు మాత్రం వెతికాక గడువు పెట్టు. ఎందుకు వెతికారో చెప్పే కారణాల వరసలో ‘ఇతరములు’ అని ఒక గడి పెడతామంటారు. పెట్టనివ్వకు, ఆర్నెల్ల తరవాత చూస్తే అన్ని ఎంట్రీలూ అందులోనే ఉంటాయి.

రెండో ముసాయిదా అయ్యాక, తెర ముందు కూర్చునే కానిస్టేబుల్‌తో ఐదో సెక్షన్ చదివించి, ఇప్పుడు మీట నొక్కొచ్చా లేదా అని అడుగు. అతను తడుముకుంటే ఆ సెక్షన్ మళ్లీ రాసి, అప్పుడు నాకు పంపు.